బ్రేకు మాస్టారి లైసెన్సు

ఆయన అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆయన బ్రేకు మాస్టారే. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళు స్టీరింగు ముందు కూర్చుంటే, మాస్టారు పక్క సీట్లో కూర్చుంటాడు. ఆ పక్క సీటు కింద కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు బిగించి ఉంటాయి. మాస్టారి కుడికాలు ఎప్పుడూ ఆ బ్రేకు మీదే. అవతలివాళ్ళు గోడ మీదికి పోతున్నా, మురిక్కాలవలోకి పోతున్నా ఆయన నోరెత్తడు, కాలు నొక్కుతాడు. కారు టక్కున ఆగుతుంది. అప్పుడు నెమ్మదిగా అడుగుతాడు, "ఇప్పుడు చెప్పండి, ఎటు చూస్తున్నారు?" అని.

అలవాటు కాలితో ఆగలేదు, మనిషంతా పాకింది. ఎవరైనా ఇల్లు మారతామంటే "ఆగండి, ఆలోచించండి" అంటాడు. భార్య కూరలో ఉప్పు వేస్తుంటే "చాలు, చాలు" అంటాడు. సినిమాలో హీరో కారు వేగంగా మలుపు తిప్పితే హాల్లో కూర్చున్న మాస్టారి కాలు ముందు సీటుని తన్నేది. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. కొన్నాళ్ళకి భార్య ఆయనతో సినిమాలకి వెళ్ళడం మానేసింది.

కుర్రతనంలో లారీ క్లీనరుగా చేరి, లారీ నడిపి, నడుము పట్టేశాక ఈ స్కూలుకి వచ్చాడు. స్కూలంటే పెద్ద మేడ అనుకునేరు. టైర్ల కొట్టు పక్కన ఒక ముందు గది. గోడ మీద రోడ్డు గుర్తుల పటం, దాని కింది మూల చుట్టుకుపోయి ఉంటుంది. ఒక బల్లకి పాత కారు స్టీరింగు బిగించి ఉంటుంది, మొదటి రోజు పాఠం దాని మీదే. బయట రెండు కార్లు. వాటిలో ముసలి కారు మాస్టారిది. దాని డోరు వేయాలంటే కొంచెం పైకెత్తి వేయాలి, ఆ కిటుకు తెలియనివాళ్ళు మూడేసిసార్లు దబదబ బాదుతారు. నర్సులు, బడిపంతుళ్ళు, మంగలి షాపు అన్నదమ్ములు, ఒక జడ్జిగారు, అందరూ ఆ డోరు బాదినవాళ్ళే.

మాస్టారికి ఇంకో పిచ్చి ఉంది, లైసెన్సు గడువుల పిచ్చి. ఆఖరి క్లాసు రోజున కారు పక్కకి ఆపించి, ఇంజను కట్టేయించి, ఒక ఉపన్యాసం ఇస్తాడు. "పెట్రోలు అయిపోతే బండి ఆగిపోతుంది, టైరు అరిగితే జారుతుంది, బ్రేకు పోతే కూస్తుంది. లైసెన్సు అయిపోతే మాత్రం చప్పుడుండదు. బండి నిన్నటి లాగే నడుస్తుంది. అదే దాంతో చిక్కు. గడువుకి ముందే వెళ్ళి చేయించుకోండి, పది నిమిషాల పని. దాటిపోయాక వెళితే పది చోట్ల తిరగాలి." అక్కడితో ఆగడు. ఎవరి గడువు ఎప్పుడో ఆయన బుర్రలో ఉంటుంది. ఆ నెల రాగానే ఫోను చేస్తాడు. "మాస్టార్ని. మీది వచ్చే నెల అయిపోతోంది. ఈ వారంలోనే వెళ్ళండి." పెళ్ళిరోజు మొగుడు మరిచిపోయినా, లైసెన్సు రోజు మాస్టారు మరిచిపోడని జనం నవ్వుకునేవాళ్ళు. నవ్వుకుంటూనే వెళ్ళి చేయించుకునేవాళ్ళు.

మరి ఆయన లైసెన్సు? శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, దాని గడువు తీరి ఏడాది దాటింది. దాని సంగతి ఆయనకి తెలియదు. తెలిసీ తొక్కిపెట్టాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనిషి అలాంటివాడు కాదు. జరిగింది ఏమిటంటే, ఆయన బండి నడపడం మానేసి చాలా ఏళ్ళయింది. పొద్దున్నే బస్సులో వస్తాడు. వచ్చి పక్క సీట్లో కూర్చుంటాడు. సాయంత్రం పక్క సీట్లోంచి దిగి బస్సెక్కుతాడు. ఆయన దృష్టిలో లైసెన్సు నడిపేవాళ్ళకి ఉండాల్సింది. తాను నడిపించేవాడు. కార్డు పర్సులో పాత ఫొటో వెనక ఉండిపోయింది. ఆయన్ని ఆపి అడిగేంత కొత్త పోలీసు కూడా ఎవరూ లేరు. అందరూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళే.

ఆ రోజు స్టీరింగు ముందున్నది పళ్ళ డాక్టరమ్మ. రోజంతా మనుషుల నోళ్ళలో సూదులు దింపినా వణకని చెయ్యి, గేరు పట్టుకుంటే గజగజలాడేది. బజారు వీధి మలుపులో ఒక పార్సిల్ అబ్బాయి సైకిలు మీద పక్క సందులోంచి వచ్చాడు. డాక్టరమ్మ బ్రేకు బదులు యాక్సిలరేటరు నొక్కింది. మాస్టారి కాలు పడింది గానీ, రెప్పపాటు ఆలస్యంగా పడింది. సైకిలు వెనక చక్రం వంకర పోయింది. అబ్బాయి మోచెయ్యి దోక్కుపోయింది. డాక్టరమ్మ కారు దిగి, వాడి చెయ్యి చూసి, వాడికంటే ముందు తనే ఏడ్చింది.

ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు. మాస్టారిని చూసి చెయ్యెత్తి పలకరించాడు. ఆయనా పాత శిష్యుడే.

"ఏమీ లేదులెండి మాస్టారూ, చిన్న దెబ్బే. అయినా రాసుకోవాలి కదా. డాక్టరుగారి లెర్నర్స్ లైసెన్సు చూపించండి. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చున్నది మీరు కాబట్టి మీ లైసెన్సు కూడా."

మాస్టారు దర్జాగా పర్సు తీశాడు. ఫొటో వెనక నుంచి కార్డు లాగి ఇచ్చాడు. కానిస్టేబుల్ కార్డు చూశాడు. మళ్ళీ చూశాడు. ఎండకి అడ్డంగా చెయ్యి పెట్టుకుని మూడోసారి చూశాడు.

"మాస్టారూ, ఇది అయిపోయింది."

"ఏది?"

"మీ లైసెన్సే. నిరుడే అయిపోయింది. మొన్న నాకు ఫోను చేసి మరీ గుర్తు చేశారు కదండీ. మీరు చెప్తేనే నేను వెళ్ళి చేయించుకున్నాను."

మాస్టారు కార్డు చేతిలోకి తీసుకుని తేదీ చదివాడు. ఊళ్ళో అందరి తేదీలూ నోటికి వచ్చే మనిషి తన తేదీని కొత్తగా, ఎవరిదో చదివినట్టు చదివాడు. కానిస్టేబుల్ తలొంచుకుని జరిమానా రాశాడు. పార్సిల్ అబ్బాయి మోచేతి మీద ఊదుకుంటూ, "పోనీలెండి సార్, చక్రం బాగు చేయిస్తే చాలు" అన్నాడు. ఆ మాటకి మాస్టారికి ఇంకా సిగ్గేసింది.

స్కూలు ఓనరమ్మ, స్కూలు పెట్టిన పెద్దాయన కూతురు. చిన్నప్పుడు ఆ బల్లకి బిగించిన స్టీరింగు తిప్పుకుంటూ పెరిగిన పిల్ల. మాస్టారిని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. కేకలేసినా బాగుండేది. వెయ్యలేదు.

"ఆ అబ్బాయికి కాలో చెయ్యో విరిగి ఉంటే ఇన్సూరెన్స్ వాళ్ళు ఒక్క పైసా ఇచ్చేవాళ్ళు కాదు మాస్టారూ. లైసెన్సు లేని మనిషిని పక్కన కూర్చోబెట్టి పాఠాలు చెప్పించారని స్కూలు మూయించేవాళ్ళు. ఏడాది పైనుంచి మనం రోజూ ఇలాగే తిరిగాం."

"నిజమేనమ్మా."

"లైసెన్సు చేతికొచ్చేదాకా మీరు ఆ సీట్లో కూర్చోవడానికి లేదు. ఈ నెల ఎలాగో నెట్టుకొస్తాను. రెండో కారు మాస్టారు మీ క్లాసులు కూడా చూసుకుంటాడు. వచ్చే నెల కొత్త బ్యాచి ఉంది. అప్పటికీ రాకపోతే ఇంకో మనిషిని పెట్టుకోవాల్సి వస్తుంది. నన్ను తప్పుగా అనుకోకండి."

తప్పుగా అనుకోవడానికి ఏముంది? మాస్టారు తల ఊపి బయటికొచ్చాడు. వయసు అరవైకి దగ్గర పడుతోంది. లారీ ఎక్కే నడుము కాదు. ఆ పక్క సీటు తప్ప లోకంలో ఇంకో సీటు తెలియని మనిషి. దానికోసం వేరేవాళ్ళని వెతుకుతారన్న మాట ఆయన గుండెలో రాయిలా పడింది.

ఏడాది లోపు వెళ్ళి ఉంటే రుసుము, ఆలస్యానికి కాస్త అదనం కట్టి, కళ్ళు చూపించుకుంటే అయిపోయేది. ఏడాది దాటితే లైసెన్సు ఆఫీసు రూలు వేరు. పాత డ్రైవరైనా కొత్తవాళ్ళతో సమానమే. మళ్ళీ లెర్నర్స్, మళ్ళీ ఎల్ బోర్డు, మళ్ళీ మైదానంలో ఇన్‌స్పెక్టరు ముందు పరీక్ష. ఈ రూలు మాస్టారు వందలమందికి వేలు చూపించి మరీ చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా లాభం ఉండదని కూడా చెప్పాడు.

కళ్ళ పరీక్ష బాగానే అయింది, లెర్నర్స్ వచ్చింది. అసలు పరీక్షకి ముందు కాస్త ప్రాక్టీసు చేసుకోమని ఓనరమ్మ అంటే మాస్టారికి రోషం వచ్చింది. "నేనా? ప్రాక్టీసా? చేపపిల్లకి ఈత నేర్పుతావేమిటమ్మా?" అన్నాడు.

పరీక్ష మైదానం ఆయనకి ఇంటి వసారా లాంటిది. ఏ మూల గుంట ఉందో, వాన పడితే ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో అన్నీ తెలుసు. ఎప్పుడూ గట్టు మీద నిలబడి శిష్యులని లోపలికి పంపేవాడు. ఈసారి శిష్యుల వరసలో తనూ నిలబడ్డాడు. వరసలో కాలేజీ పిల్లలు, ఇద్దరు గృహిణులు, ఒక పురోహితుడి లాంటి పెద్దమనిషి. అందరూ ఆయన ఎవరికో తోడు వచ్చాడనుకున్నారు. పిలుపు వచ్చాక ఆయనే స్టీరింగు ముందు కూర్చోవడం చూసి నోళ్ళు తెరిచారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పక్క సీటు కింద బ్రేకు ఉంటుంది, క్లచ్చి ఉంటుంది, యాక్సిలరేటరు ఉండదు. ఇన్నేళ్ళుగా మాస్టారి కాలు ఆపడమే చేసింది గానీ ముందుకి పంపడం చెయ్యలేదు. పైగా రోడ్డుని ఆయన ఇన్నాళ్ళూ పక్క సీట్లోంచే చూశాడు. కారు వెడల్పు, అంచులు, మలుపు కొలతలు అన్నీ ఆ సీటు లెక్కలోనే ఆయన కంట్లో పాతుకుపోయి ఉన్నాయి. ఈ సంగతి ఆయనకి స్టీరింగు ముందు కూర్చున్నాక తెలిసింది. అప్పటికే ఇన్‌స్పెక్టరు "కానివ్వండి" అన్నాడు.

కారు కదిలింది, నత్తలాగా కదిలింది. మొదటి మలుపులో ఇంజను ఆగిపోయింది. మళ్ళీ కదిపాడు. వెనక్కి తిప్పి రెండు వరసల కోన్ల మధ్య పెట్టాల్సిన చోట, కళ్ళు మూసుకుని పెట్టగలనని ఆయన అనుకున్న చోట, ఒక కోను కింద పడింది. సర్దుకుందామని ముందుకి లాగితే రెండోది కూడా పడింది.

ఇన్‌స్పెక్టరు మర్యాదస్తుడు. దగ్గరికొచ్చి కిటికీలోంచి వంగి, పక్కవాళ్ళకి వినపడకుండా చెప్పాడు. "కోన్లు పడ్డాయి మాస్టారూ. రెండు వారాలాగి రండి. కాస్త చెయ్యి తిరగనివ్వండి, అంతే."

గట్టు మీద కాలేజీ పిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని ఊరికే అనలేదు. పరీక్ష పోయినందుకు కంటే ఆ నవ్వుకే మాస్టారి మొహం మాడిపోయింది. ఆ రోజు బస్సులో కూర్చుని ఇంటిదాకా కిటికీ వైపే చూశాడు. డ్రైవరు బ్రేకు వేసినప్పుడు ఆయన కాలు కదలలేదు.

మాస్టారి భార్య ఒక బట్టల కొట్టులో కుట్టుపని చేస్తుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, లావైనవాళ్ళకి వదులు చేయడం. ఇంటికి కూడా పని తెచ్చుకుంటుంది. ఆయన వచ్చేసరికి మెషిను ముందు కూర్చుని ఎవరిదో కోటు లైనింగు విప్పుతోంది. మాస్టారు చెప్పులు విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు.  జరిగిందంతా చెప్పాడు, కోన్లతో సహా.

"ప్రాక్టీసు చెయ్యాలి. ఓనరమ్మ సాయంత్రాలు కారు ఇస్తానంది. కానీ ఎల్ బోర్డు వాళ్ళ పక్కన లైసెన్సు ఉన్నవాళ్ళు ఉండాలి. రెండో కారు మాస్టారికి నా క్లాసులతోనే ఊపిరాడటం లేదు. డాక్టరమ్మకి ఇంకా లైసెన్సు రాలేదు. ఎవర్ని అడగను? అడిగితే అందరూ వస్తారు, కానీ ఏ మొహం పెట్టుకుని అడగను?"

ఆవిడ కత్తెర కింద పెట్టింది. మెషిను పక్కనున్న సూదుల డబ్బా మూత తీసింది. దారపు ఉండల కింద నుంచి ఒక కార్డు తీసి ఆయన ముందు పెట్టింది.

అది ఆవిడ లైసెన్సు. మాస్టారు తిప్పి చూశాడు. గడువు ఇంకా చాలా ఉంది.

"ఇది... ఎప్పుడు చేయించావు?"

"అయిపోయే ముందు. అందరికీ చెప్తారుగా, ముందే వెళ్ళమని. ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళొచ్చాను. నిజంగానే పది నిమిషాల పని."

"నాకు చెప్పలేదే?"

"మీరు నాకు ఫోను చెయ్యలేదే?"

మాస్టారికి ఊళ్ళో మంగలి షాపు అన్నదమ్ముల తేదీలు గుర్తున్నాయి, జడ్జిగారి తేదీ గుర్తుంది. ఇంట్లో ఒక లైసెన్సు ఉందన్న సంగతే గుర్తు లేదు. దీపం కింద చీకటంటే ఇదే.

ఆ లైసెన్సుకి ఒక కథ ఉంది. పెళ్ళయిన కొత్తలో కాదు, ఆ తరవాత కొన్నేళ్ళకి, ఆవిడ సరదా పడితే ఆయనే నేర్పించాడు. ఆవిడ మొదటి పరీక్షలోనే నెగ్గింది. లైసెన్సు వచ్చిన వారంలో గడియారం కూడలిలో ఎర్ర లైటు దగ్గర ఆగారు. ఆకుపచ్చ పడింది, ఇంజను ఆగిపోయింది. వెనక బండ్లన్నీ హారన్లు మోగించాయి. ఫీజు కట్టిన శిష్యుల మీద ఏనాడూ గొంతెత్తని మాస్టారు, పెళ్ళాం మీద మాత్రం కూడలంతా వినేలా అరిచాడు. "దిగు! దిగు ముందు! నీకెవడిచ్చాడు లైసెన్సు!" అని అందరి ముందూ దింపి, తను అటు మారి, కారు తీసుకొచ్చాడు. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. ఆవిడ ఆ రోజు ఏడవలేదు, తిట్టలేదు. మళ్ళీ ఎప్పుడూ స్టీరింగు ముట్టుకోలేదు, అంతే. దాన్ని మాస్టారు చాలాకాలం చుట్టాల దగ్గర హాస్యంగా చెప్పుకున్నాడు. "మా ఆవిడ కూడలిలో కారుని నిద్రపుచ్చింది" అని. చుట్టాలు నవ్వేవాళ్ళు, ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

మర్నాడు సాయంత్రం ఇద్దరూ స్కూలు దగ్గరికి వెళ్ళారు. ముసలి కారుకి ఎల్ బోర్డు కట్టి ఉంది. ఆవిడ పక్క సీటు డోరు కొంచెం పైకెత్తి ఒక్కసారికే వేసింది. మాస్టారు గమనించాడు. ఆవిడ చెప్పు విప్పి కుడికాలు పక్క బ్రేకు మీద పెట్టింది.

"అదెందుకు?" అన్నాడు మాస్టారు.

"ఆ సీట్లో కూర్చున్నవాళ్ళ కాలు అక్కడే ఉండాలన్నారు."

మొదటి నాలుగు రోజులు ఖాళీ మైదానం చుట్టూ తిరిగారు. ఆయన అంచు దాటినప్పుడల్లా కారు టక్కున ఆగేది. మాస్టారు ముందుకి తూలి పక్కకి చూసేవాడు. ఇన్నేళ్ళలో ఆ బ్రేకు తన మీద పడటం అదే మొదలు. బ్రేకు వేయించుకున్నవాడికి ఎలా ఉంటుందో ఆయనకి అప్పుడు తెలిసింది. ఒకసారి ఉండబట్టలేక, "అంత గట్టిగా నొక్కాలా?" అన్నాడు.

"ఇప్పుడు చెప్పండి, ఎటు చూస్తున్నారు?" అంది ఆవిడ.

అవి ఆయన మాటలే. ఆవిడ నేర్పిందంతా ఆయన మాటలతోనే నేర్పింది. క్లచ్చి మీద కాలు పెట్టుకుని కూర్చోవద్దని, అద్దం చూడకుండా పక్కకి జరగొద్దని, వెనక్కి పోయేటప్పుడు కోను వైపు కాదు ఖాళీ వైపు చూడమని. అప్పట్లో నేర్చుకున్నవి, ఆ తరవాత రోజూ అన్నం దగ్గర ఆయన చెప్తుంటే విన్నవి, ఒక్కటీ పోలేదు. తేడా ఒక్కటే, అరుపు లేదు. ఆయన సీటు ముందుకి జరిపించింది, అద్దాలు సరిచేయించింది. "మీ కళ్ళు ఇంకా నేను కూర్చున్న చోటే ఉన్నాయి. ఇటు తెచ్చుకోండి" అంది. మాస్టారు తెచ్చుకున్నాడు. కష్టపడే తెచ్చుకున్నాడు.

ఐదో రోజు రోడ్డెక్కారు. మాస్టారు చుట్టుదారిన పోదామన్నాడు. ఆవిడ తిన్నగానే పొమ్మంది. తిన్నగా పోతే గడియారం కూడలి వస్తుంది. వచ్చింది. ఎర్ర లైటు పడింది. మాస్టారు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఆకుపచ్చ పడగానే కాలు యాక్సిలరేటరు మీదికి పోవాల్సింది, అలవాటున బ్రేకు వైపు పోయింది. క్లచ్చి వదిలేశాడు. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

వెనక బస్సు హారను మోగించింది. దాని వెనక ఆటో, దాని వెనక ఎవరో. ఒకడు తల బయటపెట్టి, "తాతా, ఇంట్లో పడుకోలేకపోయావా?" అని అరిచాడు. మాస్టారికి చెవులు వేడెక్కాయి. తాళం ఎటు తిప్పాలో ఒక్క క్షణం తోచలేదు. పక్క నుంచి కూడా అరుపు వస్తుందని మెడ కుంచించుకుని కూర్చున్నాడు.

"మళ్ళీ స్టార్ట్ చెయ్యండి. తొందరేం లేదు. వాళ్ళు హారను కొడతారు, అంతకంటే ఏం చేస్తారు?" అంది ఆవిడ.

అంతే.  ఆ రోజు తను అనాల్సిన మాట ఇది. అదే కూడలి, అదే లైటు, ఇన్ని మాటలు కూడా అక్కర్లేదు, ఒక్కటి చాలు. ఆ ఒక్క మాట అనలేక ఇన్నేళ్ళు ఆవిడ చేతిలోంచి స్టీరింగు లాగేసుకున్నాడు. ఎంత మూర్ఖుణ్ణి అనుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ రోజు నిన్ను దింపకుండా ఉండాల్సింది" అన్నాడు. "అందరి ముందూ అలా అరవకుండా ఉండాల్సింది. తప్పు నాదే."

ఆవిడ ముందుకే చూస్తోంది. కొంచెం ఆగి, "మళ్ళీ ఆకుపచ్చ పడింది, పోనివ్వండి" అంది.  కారు ఈసారి ఆగకుండా కూడలి దాటింది.

రెండు వారాలయ్యాక పరీక్ష. వరసలో నిలబడ్డప్పుడు మాస్టారు ఎవరికో తోడొచ్చినట్టు నటించలేదు. ముందున్న కుర్రాడు భయపడుతుంటే, "నేనూ ఒకసారి పోగొట్టుకున్నవాణ్ణే" అన్నాడు. కారు కదిలింది, మలుపు తిరిగింది, కోన్ల మధ్యకి వెనక్కి వెళ్ళి కుదురుగా నిలబడింది. ఇన్‌స్పెక్టరు మళ్ళీ కిటికీలోంచి వంగాడు. ఈసారి అందరికీ వినపడేలాగే చెప్పాడు. కార్డు చేతికి రావడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. వచ్చిన పూట మాస్టారు దాన్ని ఫొటో వెనక కాదు, ముందు పెట్టుకున్నాడు. ఓనరమ్మ కొత్త మనిషిని వెతకలేదు. పళ్ళ డాక్టరమ్మ మళ్ళీ ఆయన పక్కనే నేర్చుకుంటోంది, కొంచెం తక్కువ వణుకుతోంది.

ఆఖరి క్లాసు ఉపన్యాసంలో ఇప్పుడు ఒక ముక్క ఎక్కువైంది. "నాకు తెలిసిన ఒక మాస్టారు ఉండేవాడు" అని మొదలుపెడతాడు. శిష్యులందరికీ ఆ మాస్టారెవరో తెలుసు. తెలియనట్టు వింటారు.

ఇంకొక్కటి మిగిలింది. కార్డు వచ్చిన ఆదివారం మాస్టారు ఓనరమ్మని అడిగి ముసలి కారు ఇంటికి తెచ్చాడు. ఎల్ బోర్డు విప్పేశాడు. భార్య కుట్టుపని పక్కన పెట్టి బయటికొచ్చింది. ఆయన తాళం ఆవిడ ముందు పట్టుకున్నాడు.

"కొంచెం దూరం నడుపు. నేను పక్కన ఉంటాను."

"నాకు లైసెన్సు ఉంది. పక్కన ఎవరూ ఉండక్కర్లేదు" అంది ఆవిడ.

మాస్టారి మొహం చిన్నబోయింది. అది నిజమే కదా, రూలూ అదే. ఆవిడ తాళం తీసుకుంది. డోరు కొంచెం పైకెత్తి వేసుకుంది. ఇంజను స్టార్ట్ చేసింది. ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆవిడ కిటికీలోంచి చూసింది.

"సరే, రండి. కానీ ఆ బ్రేకు మీద కాలు పెట్టకూడదు."

"పెట్టను."

"మీ కాలు మీ మాట వినదు. నాకు తెలుసు."

మాస్టారు ఒక్క నిమిషం ఆలోచించాడు. చెప్పులు విప్పి, పక్క సీట్లో ఎక్కి, రెండు కాళ్ళూ పైకి మడిచి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాడు. అరవై దగ్గర పడిన మనిషి, చాప మీద అన్నానికి కూర్చున్నట్టు. ఆవిడకి నవ్వొచ్చింది, చాలా రోజులకి గట్టిగానే నవ్వింది. తరవాత గేరు వేసింది.

గడియారం కూడలిలో ఇంజను ఆగిపోయింది. హారన్లు మోగాయి. మాస్టారి కాలు మడత కింద ఒకసారి ఎగిరింది, ఆయన మోకాలి మీద చెయ్యేసి అణిచిపెట్టాడు. నోరు తెరవలేదు. ఆవిడ ఎవరి వైపూ చూడకుండా తాళం తిప్పింది, కారు కదిలింది. ఆ తరవాత వంతెన దాకా, వంతెన దాటి చెరుకు లారీలు పోయే పెద్ద రోడ్డు దాకా పోనిచ్చింది. ఆయన వెనక్కి తిప్పమని అనలేదు.

ఇల్లొచ్చింది. మాస్టారు దిగబోతే కాళ్ళు రెండూ తిమ్మిరెక్కి కదలలేదు. ఆవిడ ఇంజను ఆపింది. తాళం తన సంచిలో వేసుకుని, ఆయన కాళ్ళకి ప్రాణం వచ్చేదాకా పక్కనే కూర్చుంది.